బాల్కనీలోని ఇరుకు కుండీలకు మొక్కల ఎంపిక

అపార్ట్‌మెంట్ బాల్కనీలలో పిట్టగోడ మీద పెట్టేవి, గ్రిల్‌కు తగిలించేవి అయిన పొడవాటి కుండీలు సాధారణంగా ఆరేడు అంగుళాల వెడల్పు, దాదాపు అంతే లోతు ఉంటాయి. వీటికోసం నర్సరీకి వెళ్ళినవారు పూల రంగు చూసి మొక్క కొంటారు గాని, చూడవలసింది దాని వేరును. రెండడుగుల పొడవు, ఆరంగుళాల చొప్పున వెడల్పు, లోతు ఉన్న కుండీలో పట్టే మట్టి సుమారు 14 లీటర్లు మాత్రమే. ఆ కాస్త మట్టి ఎండకు రెండు వైపులా కాగి త్వరగా ఆరిపోతుంది కనుక, పీచువేర్లతో పైపైన పాకే మొక్కలే ఇందులో నిలదొక్కుకుంటాయి. కరివేపాకు, నిమ్మ, మందారం, గులాబీ వంటివి మొదట్లో బాగానే చిగురించినా, వేర్లకు చోటు చాలక ఎదుగుదల ఆగిపోతుంది. నర్సరీవారు ఏ కుండీలోనైనా ఏ మొక్కైనా వస్తుందనే చెబుతారు. అమ్ముకునేవారి మాటను అంతవరకే తీసుకోవాలి.

వేరు తరువాత ఎండ. తూర్పు బాల్కనీకి ఉదయపు లేత ఎండ అందుతుంది కనుక అక్కడ దాదాపు అన్నీ పెరుగుతాయి. పడమటి బాల్కనీ వేసవి మధ్యాహ్నాల్లో మొక్కలను మాడ్చేస్తుంది. దక్షిణం, ఉత్తరం విషయంలోనే చాలామంది పొరబడతారు. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు తొలి రోజుల వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగా ఉంటాడు. అందువల్ల చలికాలమంతా ఎండ కాసిన దక్షిణపు బాల్కనీకి ఆ నెలల్లో పైకప్పు నీడే మిగులుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం నీడలో ఉండే ఉత్తరపు బాల్కనీకి ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. ఒక్క రోజు ఎండ చూసి ఏడాదికి సరిపడే మొక్కను నిర్ణయించకూడదు.

మండుటెండ పడేచోట టేబుల్ రోజ్‌ను మించినది లేదు. దాని ఆకులు, కాడలు నీటిని దాచుకుంటాయి, వేర్లు లోతుకు పోవు, కొమ్మలు కుండీ అంచు దాటి అందంగా వేలాడతాయి. అయితే నేరుగా ఎండ తగలకపోతే పూలు విచ్చుకోవు. బిళ్ళగన్నేరు కూడా ఎండను తట్టుకుంటుంది గాని, నీరు నిలిస్తే మొదలు కుళ్ళిపోతుంది. పైగా అది విషపూరితమైన మొక్క కనుక పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో అందని ఎత్తులో ఉంచాలి. నీడపట్టున స్పైడర్ ప్లాంట్, సింగోనియం, మనీ ప్లాంట్ నిశ్చింతగా పెరుగుతాయి. నిటారుగా పెరిగే స్నేక్ ప్లాంట్ ఇరుకు చోటుకు బాగా నప్పుతుంది, కాని దాని దుంపలు బలిసి పలుచని ప్లాస్టిక్ కుండీని పగలగొట్టగలవు కనుక దానికి గట్టి కుండీనే వాడాలి.

వంటింటికి పనికివచ్చేవి కావాలనుకుంటే ఆకుకూరలే మేలు. మెంతికూరకు ఆరంగుళాల లోతు చాలు, మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది. కొత్తిమీరను నారు పెంచి నాటకుండా, ధనియాలను రెండు బద్దలుగా నలిపి నేరుగా కుండీలోనే చల్లాలి. ఎండలు ముదిరితే ఆకు పెరగక ముందే పూతకు వస్తుంది కనుక అక్టోబరు నుంచి జనవరి వరకు చల్లడం మంచిది. వేసవికి తోటకూర సరిపోతుంది. పుదీనా కాడలు మట్టి వెంట అడ్డంగా సాగుతూ కణుపు కణుపుకూ వేరు పోసుకుంటాయి కనుక దానికి లోతుకన్నా పొడవే ముఖ్యం. పక్క మొక్కను బతకనివ్వదు కాబట్టి దానికి వేరే కుండీ కేటాయించాలి. అదేవిధంగా, రోజూ నీరు కోరే మొక్కను, మట్టి ఆరితే గాని నీరు కోరని కలబంద వంటి మొక్కను ఒకే కుండీలో నాటితే రెండింటిలో ఒకటి తప్పక దెబ్బతింటుంది.

మట్టి విషయంలో బరువును మరచిపోకూడదు. ఉత్త ఎర్రమట్టితో నింపిన రెండడుగుల కుండీ తడిసినప్పుడు 20 కిలోలు దాటుతుంది. గ్రిల్‌కు తగిలించడం ప్రమాదకరం. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మికంపోస్ట్ (వానపాముల ఎరువు) సమపాళ్లలో కలిపితే బరువు తగ్గుతుంది, తడీ నిలుస్తుంది. కుండీ అడుగున జానెడుకొకటి చొప్పున రంధ్రాలు ఉండాలి.

నర్సరీలో మొక్కను ఎంచుకునేటప్పుడు కవరును పైకెత్తి అడుగు రంధ్రాలను పరిశీలించాలి. వాటిలోంచి వేర్లు బయటకు వచ్చి చుట్టలు చుట్టుకొని ఉంటే ఆ మొక్కను వదిలేసి, చిన్నదైనా వేర్లు కవరు దాటనిదాన్ని తీసుకోవాలి. కవరులోని మట్టి బంకగా ఉంటే నాటే ముందు అంచులను వేళ్లతో మెల్లగా రాల్చాలి, లేకపోతే కుండీలోని వదులు మట్టి తడిసినా ఆ ముద్ద లోపల పొడిగానే మిగిలిపోతుంది. సాయంత్రం పూట, మొక్కకూ మొక్కకూ ఆరంగుళాల ఎడంతో ఒకే వరుసలో నాటి, అడుగు రంధ్రాల్లోంచి నీరు కారేదాకా పోసి, మొదటి వారం నేరుగా ఎండ తగలనిచోట ఉంచాలి.