పనిచోట మనుషులు – నాలుగో పాఠం: చెడు కబురుకి మొదటి మాట

పోయిన పాఠంలో అవతలివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగి వినడం సాధన చేశాం. ఆ వారం రోజుల లెక్క నోట్‌బుక్‌లో రాసుకోనివాళ్ళు ముందు అది పూర్తిచేసి రండి. వినడం రాకుండా ఇవాళ్టి పని కుదరదు.

ఇవాళ నేర్చుకోబోయేది చాలా చిన్న విషయం. తోటి ఉద్యోగి మీ దగ్గరికి వచ్చి "పొరపాటైపోయింది" అన్నప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం. పాఠమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

ముందు నా సంగతి చెబుతాను. మన విశాఖలో, గాజువాక అవతల ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేసే రోజులవి. ఆ రోజు నాది బి షిఫ్టు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. తొమ్మిది దాటాక ఒక కూలింగ్ వాటర్ పంపు బేరింగ్ దగ్గర శబ్దం మారింది. చెయ్యి పెట్టి చూస్తే మామూలు కన్నా వేడి. సరిగ్గా వారం ముందు ఇలాంటిదే చెప్పబోతే మా ఇన్‌ఛార్జి నలుగురి ముందూ "నీకెప్పుడూ ఏదో ఒకటి కనిపిస్తాదేటి?" అన్నారు. అది గుర్తొచ్చింది. లాగ్‌బుక్‌లో "నార్మల్" అని రాసి, సంతకం పెట్టి, బస్సెక్కేశాను.

రాత్రి రెండింటికి బేరింగ్ సీజైపోయింది, అంటే తిరగకుండా పట్టేసింది. బదులుగా నడపాల్సిన స్టాండ్‌బై పంపు వాల్వు బిగుసుకుపోయి, నా తర్వాతి షిఫ్టుకొచ్చిన రిలీవర్ ఒక్కడే తెల్లారేదాకా దానితో పెనుగులాడాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు కనిపించినప్పుడు తిడతాడనుకున్నాను. "ఒక్క ముక్క చెప్పుంటే బాగుణ్ణు గురూ" అన్నాడు, అంతే. ఆ తర్వాత చాలా నెలలు, నా దగ్గర చార్జి తీసుకున్న ప్రతిసారీ, నేను రాసింది చదివి కూడా ప్రతి పంపు దగ్గరికీ తనే వెళ్ళి చెయ్యి పెట్టి చూసుకునేవాడు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తప్పు నాదే. ఇన్‌ఛార్జి చెడ్డమనిషి కూడా కాదు, ఆ వారం ఆయనకు సరిగ్గా నిద్ర లేదేమో. కానీ ఆయన అలవాటుగా విసిరిన ఒక వాక్యం వారం తర్వాత నా చేత "నార్మల్" అని రాయించింది. ఇద్దరు మనుషుల మధ్య నమ్మకాన్నీ తీసుకుపోయింది.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు రెండు ఆస్పత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. కలిసిమెలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయని ఆమె అంచనా. చేతికొచ్చిన లెక్క తిరగబడింది: మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి! తరచి చూస్తే సంగతి అర్థమైంది. వాళ్ళు జరిగినదాన్ని బయటపెట్టి మాట్లాడుకుంటున్నారు, మిగతాచోట్ల దాచుకుంటున్నారు. 1996లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత ఒక తయారీ కంపెనీలో 51 బృందాలను చూసి 1999లో రాసిన వ్యాసంలో ఆమె దీన్ని "సైకలాజికల్ సేఫ్టీ" అన్నారు. నోరు విప్పితే పరువు పోదన్న ధీమా అని నేను చెప్పుకుంటాను.

ఆ ధీమా నోటీసు బోర్డుతో రాదు. టొయోటా ఫ్యాక్టరీల్లో అసెంబ్లీ లైను పక్కన ఒక తాడు (కొన్నిచోట్ల ఇప్పుడు బటన్) ఉంటుంది, తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగొచ్చు, వెంటనే టీమ్ లీడర్ వస్తాడు. తాడు కట్టడం ఎవరికైనా తేలికే. లాగినవాడి దగ్గరికి ఆ లీడర్ ఏ ముఖంతో వస్తాడన్నదాన్ని బట్టే రెండోసారి ఆ తాడు మీద చెయ్యి పడుతుంది.

మన ఊరివాళ్ళకి మంచితనం లేక కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక కరెంటు లేదు, ఫోన్లు లేవు. అప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోని సహోద్యోగులు కూడా ఒకరింటికి ఒకరు నీళ్ళ క్యాన్లు మోసుకెళ్ళారు. కష్టం అందరిదీ అయినప్పుడు చెయ్యందించడం మనకు వచ్చు. మామూలు మంగళవారం నాడు తప్పు ఒక్కడిదైనప్పుడే మనం తడబడతాం.

ఇక సాధన. మొదటి వాక్యంలో రెండు ముక్కలుండాలి: చెప్పడం మంచిదైందన్న ముక్క, ఇప్పుడు పరిస్థితి ఏమిటన్న ముక్క. వరస మార్చకండి. "చెప్పావు, మంచిపని చేశావు. ఇప్పుడెలా ఉంది?" పెద్దవారైతే "చెప్పడం మంచిదైంది సార్, ఇప్పుడేం చేద్దాం?" మన యాసలోనే చెప్పగలిగితే ఇంకా మంచిది: "ఏటయ్యింది తమ్ముడూ, ముందు కూకో, చెప్పు." కూర్చోమనడంలోనే సగం భయం పోతుంది.

"ఎందుకిలా చేశావు?" అనకండి. మన నోట్లో అది ప్రశ్నలా ఉండదు, తిట్టులాగే వినిపిస్తుంది. "ఏం జరిగింది?" అంటే జవాబొస్తుంది. అన్నిటికన్నా చేటు "నేను ముందే చెప్పానా!" అనేది. నిజంగా ముందే చెప్పి ఉన్నా సరే, మింగేయండి. "ఛ" అనడం, ఫోను వైపు చూస్తూ వినడం కూడా ఈ కోవలోవే.

ఇది తప్పుని మాఫీ చెయ్యడమా అని అడగొచ్చు. కాదు. లాగ్‌బుక్‌లో రాయాల్సింది రాయాలి, విచారణ చేయాల్సింది చేయాలి. అది రెండో గంట పని. మొదటి నిమిషం పని వేరు.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోండి. ఎవరైనా వచ్చి తనకు లైంగిక వేధింపు జరిగిందని చెబితే, ఓపిగ్గా వినండి, కానీ మీరే సర్దిచెప్పి పంపేయకండి. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. దాని దారి చూపించండి. ఈ చట్టానికి ముందు 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన వాటిని విశాఖ మార్గదర్శకాలంటారు. మన ఊరి పేరనుకుంటారు చాలామంది. విశాఖ అన్నది ఆ కేసు వేసిన రాజస్థాన్ మహిళా సంస్థ పేరు.

ఈ వారం మీ మొదటి వాక్యాన్ని మీ మాటల్లోనే రాసుకోండి. కూర్మన్నపాలెం బస్సులోనో, మధురవాడ క్యాబ్‌లోనో, పనికి వెళ్ళే దారిలో రోజూ రెండుసార్లు పెదాలు కదిపి అనుకోండి. కోపంలో పాత వాక్యమే జారిపోతుంది, మొదట్లో అందరికీ అంతే. జారితే ఆ రోజే, విడిగా, "పొద్దున్న నేనన్న మాట సరికాదు, నువ్వు చెప్పడమే మంచిదైంది" అనేయండి. మర్నాటికి వాయిదా వేస్తే ఇద్దరికీ నోరు రాదు.

నోట్‌బుక్‌లో ఒకే లెక్క రాయండి: ఈ వారం ఎంతమంది తమంతట తాము మీకు చెడు కబురు తెచ్చారు? సున్నా వస్తే సంబరపడకండి. చివరిసారి ఎవరు తెచ్చారో, అప్పుడు మీరేమన్నారో గుర్తుచేసుకుని ఆ పేరు పక్కన రాయండి. కుదిరితే ఆ మనిషితో ఒకసారి టీ తాగండి.

ఐదో పాఠంలో రెండో గంట సంగతి చూద్దాం: మనిషిని నొప్పించకుండా తప్పెలా జరిగిందో ఆరా తీయడం. అప్పటికి ఈ లెక్క మీ ముందుండాలి.