రెండు జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో డెబియన్ వేయడం

మా పెదనాన్నగారి లాప్‌టాప్‌లో ఉన్నవి కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 250 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. ఆయన స్విచ్ నొక్కి పేపర్ చేతిలోకి తీసుకునేవారు. మొదటి పేజీ చదవడం అయ్యేసరికి డెస్క్‌టాప్ వచ్చేది. "అందరూ కొత్తది కొనమంటున్నారు తల్లీ. నాకేమో ఈ కీబోర్డే చేతికి అలవాటైంది. ఏమన్నా చేయగలవా?" అని అడిగారు. విండోస్ తీసేసి డెబియన్ వేశాను, అది ఉచితంగా దొరికే ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్). ఇప్పుడు దాని మీదే రోజూ రాసుకుంటున్నారు. ఏం చేశానో చేసిన వరసలోనే చెప్తాను.

ముందుగా ఒక మాట. ఈ పనికి దిగినవాళ్లు ఎక్కువ సమయం "ఏ లినక్స్ మంచిది" అని వెతకడంలో ఖర్చుపెడతారు. నా దృష్టిలో అది చిన్న ప్రశ్న. మెషీన్‌లో ఏముంది, అందులో ఏది పాడైంది అన్నదే అసలు ప్రశ్న. దానికో సాయంత్రం కేటాయిస్తే మిగతా పని సాఫీగా సాగిపోతుంది.

ముందు మెషీన్‌ని చూడాలి

పెదనాన్నగారి మొదటి ఫిర్యాదు "ఇంటర్నెట్ పనిచేయట్లేదు" అని. వైఫై కనెక్ట్ అవుతోంది, కానీ ఏ సైట్ తెరిచినా సెక్యూరిటీ హెచ్చరిక వస్తోంది. విండోస్ పాతబడింది కాబట్టి అంతేనని ఇంట్లో అందరూ తేల్చేశారు. నాకు కనిపించింది వేరు. ఆన్ చేయగానే నల్లటి స్క్రీన్ మీద ఒక లైను వచ్చి, ఎఫ్1 నొక్కేదాకా ఆగిపోతోంది. బయోస్‌లోకి (ఓఎస్ కంటే ముందు వచ్చే, మెషీన్ సొంత సెట్టింగ్స్‌లోకి) వెళ్లి తేదీ చూస్తే 2009 జనవరి 1.

మదర్‌బోర్డు మీద బిళ్లలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయింది. అసలు బ్యాటరీ కూడా ఎప్పుడో పోయింది కాబట్టి ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ మొదటికొస్తోంది. ప్రతి సైట్ సర్టిఫికెట్‌కీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని గడువు ఉంటుంది. మెషీన్ 2009లో ఉన్నాననుకుంటే ఇవాళ్టి సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదన్నమాట, బ్రౌజర్ దాన్ని ఒప్పుకోదు. ఏ ఓఎస్ వేసినా ఆ ఎఫ్1 దగ్గర ఆగడం మాత్రం పోయేది కాదు. బిళ్ల మార్చాను, రెండు బాధలూ పోయాయి. చాలా లాప్‌టాప్‌లలో ఈ బిళ్లకి వైరు, చిన్న పిన్ను అతికించి ఉంటాయి. కొనేముందు పాతది బయటికి తీసి, అదే పిన్ను ఉన్నది చూసుకోండి.

మూత ఎలాగూ తీశారు కాబట్టి ఫ్యాన్ కూడా చూడండి. ఫ్యాన్ రెక్కల మీద కనిపించే దుమ్ము కాదు అసలు సమస్య. ఫ్యాన్ గాలి వదిలే చోట సన్నటి లోహపు రెక్కల వరస ఉంటుంది, దుమ్ము వాటి ముందు దుప్పటిలా పేరుకుంటుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కితే తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది, మనమేమో సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటాం. ఆ దుప్పటిని మెల్లగా లాగేసి, ప్రాసెసర్ వేడిని బయటికి చేర్చే థర్మల్ పేస్ట్ ఎండిపోతే దాన్ని తుడిచి కొత్తది పెట్టాను. ర్యామ్ స్టిక్ మీద లేబుల్ కూడా అప్పుడే చూసుకోండి. పీసీ2 అని ఉంటే డీడీఆర్2, పీసీ3 అని ఉంటే డీడీఆర్3. ఒకటి ఇంకోదాని స్లాట్‌లో పట్టదు. పెంచే వీలుంటే 4 జీబీ చేయండి, చాలా తేడా కనిపిస్తుంది. మాకు సరిపడేది దొరకలేదు, అందుకే 2 జీబీతోనే సర్దుకున్నాం.

ఏదీ చెరపకుండా లైవ్‌లో పరీక్ష

ఇంకో కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్‌కి వెంటోయ్ వేసుకోండి, పెన్‌డ్రైవ్ నుంచి మెషీన్‌ని మొదలుపెట్టించే సాధనం అది. వేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందే కాపీ చేసుకోవాలి. ఆ తర్వాత ఐఎస్ఓ ఫైళ్లని (ఓఎస్‌ని ఒకే ఫైలుగా చుట్టిపెట్టినవి) మామూలు ఫైళ్లలా అందులోకి కాపీ చేస్తే చాలు, బూట్ అయినప్పుడు మెనూలో వరసగా కనిపిస్తాయి. నేను రెండు పెట్టాను. మొదటిది పరీక్షకి డెబియన్ లైవ్, అంటే హార్డ్ డిస్క్ మీద వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది, ఎల్ఎక్స్‌క్యూటీ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో. రెండోది అసలు ఇన్‌స్టలేషన్‌కి నెట్‌ఇన్‌స్ట్, మిగతావి నెట్ నుంచి దించుకునే ఇన్‌స్టాలర్, ఇది 1 జీబీ కూడా ఉండదు. డౌన్‌లోడ్ అయ్యాక షా256 (ఫైలు పూర్తిగా, సరిగా దిగిందో లేదో చెప్పే కోడ్) సరిచూసుకోండి. సగం దిగిన ఐఎస్ఓతో కుస్తీ పట్టి ఒక రోజంతా పోగొట్టుకున్న అనుభవం నాకుంది.

బూట్ మెనూకి మీట కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవో లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అసుస్‌లో ఎస్కేప్. పవర్ నొక్కిన క్షణం నుంచే ఆ మీటని టకటకా నొక్కుతూ ఉండాలి.

లైవ్‌లోకి వెళ్లాక ఇవి చూడండి: వైఫై పట్టుకుంటోందా, సౌండ్ వస్తోందా, బ్రైట్‌నెస్ మీటలు పనిచేస్తున్నాయా, మూత వేసి తీస్తే నిద్ర నుంచి లేస్తోందా. ఆ తర్వాత హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూడాలి. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్యాకేజీ లైవ్‌లోనే వేసుకుని రిపోర్ట్ తీయొచ్చు. అందులో రెండు వరసలు ముఖ్యం: రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టిన చోట్లు), పెండింగ్ సెక్టార్లు. వాటి ఎదుట చివరి కాలమ్‌లో సున్నా ఉండాలి. పెదనాన్నగారి డిస్క్‌లో పెండింగ్ ఎదుట సున్నా లేదు. అంటే చదవలేకపోతున్న చోట్లు కొన్ని అప్పటికే ఉన్నాయి. అలాంటి డిస్క్ మీద కొత్త ఓఎస్ వేయడం వృథా.

అందుకే ఫోటోలు ముందు. "అవి పోవు కదమ్మా?" అని ఆయన మూడుసార్లు అడిగారు. లైవ్‌లోంచే విండోస్ డ్రైవ్ తెరిచి, యూజర్స్ ఫోల్డర్ మొత్తం బయటి డిస్క్‌కి కాపీ చేశాను. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైళ్లు అందులోనే వస్తాయి, సీ డ్రైవ్‌లో విడిగా చేసుకున్న ఫోల్డర్లు మాత్రం రావు, వాటిని వెతికి తీసుకోవాలి. కాపీ అయ్యాక రెండువైపులా ఫైళ్ల సంఖ్య పోల్చాను. పాతవి కొన్ని, కొత్తవి కొన్ని ఆయన ఎదుటే తెరిచి చూపించాను.

డిస్క్ స్థానంలో 120 జీబీ ఎస్ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే డిస్క్) పెట్టాను. ఎందుకంత తేడా వస్తుందో చూడండి. లాప్‌టాప్ హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి, అంటే ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు డేటా చదివే సూది కిందికి రావడానికి సగటున అందులో సగం పడుతుంది, సూది జరగడానికి పట్టే సమయం దానికి అదనం. ఓఎస్ మొదలవడమంటే ఇలా వేల చిన్న ఫైళ్లు చదవడం. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి ఆ ఎదురుచూపు దాదాపుగా ఉండదు. ఈ మొత్తం పనిలో ఒక్కదానికే ఖర్చు పెట్టగలిగితే దీనికే పెట్టండి.

డెబియన్ ఎందుకు

విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, అది ఇక్కడ కుదరదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టు 9న. దీర్ఘకాల సపోర్ట్‌తో కలిపి ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. ఏడాదికోసారి నేను వెళ్లి ఓఎస్ మార్చక్కర్లేదన్నదే నాకు ముఖ్యం. కోర్ 2 డ్యుయో 64-బిట్ ప్రాసెసరే కాబట్టి ఇబ్బంది లేదు. మీ ప్రాసెసర్ 32-బిట్ మాత్రమే అయితే డెబియన్ 13కి ఇన్‌స్టాలర్ లేదు. యాంటిఎక్స్ 23 అనే ఇంకో లినక్స్‌లో 32-బిట్ ఎడిషన్ ఉంది, అది తీసుకోండి.

ఇన్‌స్టలేషన్‌లో జాగ్రత్తపడాల్సిన చోట్లు

నెట్ కోసం వీలైతే కేబుల్ పెట్టండి. డెబియన్ 12 నుంచి వైఫై ఫర్మ్‌వేర్ (చిప్‌ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) చాలావరకు ఐఎస్ఓలోనే వస్తోంది, కానీ కొన్ని పాత బ్రాడ్‌కామ్ చిప్‌లకి విడిగా దించుకోవాలి. కేబుల్ లేకపోతే ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి.

రూట్ (మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఖాళీగా వదిలేసి ముందుకెళ్లండి. అప్పుడు తర్వాత సృష్టించే యూజర్‌కే సుడో అధికారం (రూట్ చేసే పనులు తన పాస్‌వర్డ్‌తోనే చేసే వీలు) వస్తుంది. ఇంట్లో వాడే మెషీన్‌కి రెండు పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకునే అవసరం లేదు.

డిస్క్ ఎంచుకునే స్క్రీన్ దగ్గర చేయి ఆపండి. డిస్కులకి లినక్స్ ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు పెడుతుంది. ఎస్‌డీఏ అంటే లోపలి డిస్కేనని అనుకోవద్దు. పెన్‌డ్రైవ్ ఎస్‌డీఏ అయి, లోపలిది ఎస్‌డీబీ కావచ్చు. పేరు పక్కన జీబీ ఎంతో చూసి ఎంచుకోండి. బయటి డిస్క్ ఈపాటికే పీకేసి ఉండాలి. ఆ ఫోటోల కాపీ దానిలోనే ఉంది మరి. మొత్తం డిస్క్ వాడు, అన్నీ ఒకే పార్టిషన్‌లో పెట్టు అన్న ఎంపికలు చాలు.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ జాబితా వస్తుంది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. డెబియన్ డెస్క్‌టాప్, గ్నోమ్ (ఇంకో రకం డెస్క్‌టాప్) ముందే టిక్ అయి ఉంటాయి. 2 జీబీ మెషీన్‌కి గ్నోమ్ చాలా బరువు. బాణం మీటతో దాని మీదికి వెళ్లి స్పేస్ నొక్కి టిక్ తీసేయండి, ఎల్ఎక్స్‌క్యూటీ మీద స్పేస్ నొక్కి టిక్ పెట్టండి. టెక్స్ట్ స్క్రీన్‌లో ఎంటర్ నొక్కితే ఎంచుకున్నట్టు కాదు, ముందుకు వెళ్లిపోయినట్టు. మొదటిసారి నేను ఎల్ఎక్స్‌క్యూటీ మీద నిలబడి ఎంటర్ నొక్కాను. గంట తర్వాత గ్నోమ్ వచ్చింది, అంతా మళ్లీ మొదటి నుంచి.

చివర్లో గ్రబ్ (ఆన్ చేయగానే ఓఎస్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఎక్కడ పెట్టాలని అడుగుతుంది. పాత బయోస్ మెషీన్‌లలోనే వచ్చే ప్రశ్న ఇది. ఇక్కడా లోపలి డిస్క్ పేరే ఇవ్వాలి. పెన్‌డ్రైవ్‌కి ఇస్తే, అది పెట్టనప్పుడు మెషీన్ లేవదు.

మొదటి రోజు చేయాల్సినవి

ముందు జెడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేయండి. ర్యామ్ నిండుతున్నప్పుడు వాడని భాగాన్ని డిస్క్‌కి పంపకుండా ర్యామ్‌లోనే కుదించి దాచుతుంది ఇది. దాని సెట్టింగ్స్ ఫైల్లో కుదించే పద్ధతి ఎల్‌జెడ్4, ర్యామ్‌లో వాటా 50 శాతం అని పెట్టాను. జెడ్‌ఎస్‌టీడీ అనే ఇంకో పద్ధతి ఇంకా బాగా కుదిస్తుంది, కానీ ఇంత పాత ప్రాసెసర్‌కి తేలికైన ఎల్‌జెడ్4 నయం.

రెండోది డెబియన్ 13 ప్రత్యేకత. తాత్కాలిక ఫైళ్ల టీఎంపీ ఫోల్డర్‌ని ఇప్పుడు ర్యామ్‌లోనే పెడుతున్నారు, సగం ర్యామ్ దాకా తీసుకోవచ్చు. 16 జీబీ ఉన్నవాళ్లకి మంచిదే. మనకి మాత్రం కాదు. సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో టీఎంపీ డాట్ మౌంట్‌ని మాస్క్ చేసి (అంటే ఆ ఏర్పాటు మొదలవకుండా ఆపి) రీస్టార్ట్ చేస్తే మళ్లీ డిస్క్ మీదికి వెళ్తుంది.

ర్యామ్ ఎంత మిగిలిందో చూడటానికి టెర్మినల్‌లో ఫ్రీ అనే కమాండ్ ఉంది. అందులో ఫ్రీ కాలమ్ చూసి కంగారుపడొద్దు. చదివిన ఫైళ్లని లినక్స్ ఖాళీ ర్యామ్‌లో ఉంచుకుంటుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. చూడాల్సింది అవైలబుల్ కాలమ్.

ఇక బ్రౌజర్. ఓఎస్ ఎంత తేలికైనా ర్యామ్ తినేది బ్రౌజరే, ఏ లినక్స్ వేసినా అది మారదు. ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వేశాను. ప్రకటనలు, ట్రాకర్లు లోడ్ కాకపోతే పేజీ బరువు బాగా తగ్గుతుంది. వీడియోలు 480పీలో పెట్టుకోమన్నాను, ఎందుకంటే ఇంత పాత గ్రాఫిక్స్ చిప్‌కి వీపీ9, ఏవీ1 అనే కొత్త పద్ధతుల్లో కుదించిన వీడియోలని విప్పే శక్తి లేదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఒకేసారి మూడు నాలుగు ట్యాబ్‌లకి మించొద్దని కూడా చెప్పాను.

తెలుగు అక్షరాలకి నోటో ఫాంట్లు, టైపింగ్‌కి ఐబస్ వేసి, డెస్క్‌టాప్ మీద మూడే ఐకాన్లు పెద్దగా పెట్టాను: రాసుకోవడానికి, ఫోటోలకి, ఇంటర్నెట్‌కి. ఆయన ముందు నొక్కింది ఫోటోలదే.

పాత హార్డ్ డిస్క్‌ని పారేయలేదు. కవర్‌లో పెట్టి, తేదీ వేసి, "పెదనాన్నగారి పాత డిస్క్, కాపీ తీసుకున్నాం" అని రాసి ఆయన బీరువాలోనే ఉంచాను. ఆరు నెలల పాటు ఏ ఫైలూ తక్కువైందని ఆయన అనకపోతే అప్పుడు చూస్తాను.