ఫొటోషాప్ రిఫరెన్స్ పుస్తకాన్ని వెనక పేజీల నుంచి చూసి కొనండి

పాఠాల పుస్తకం వేరు, వెతుక్కునే పుస్తకం వేరు. మొదటిదాన్ని వరసగా చేసుకుంటూ పోవాలి. ప్రాక్టీస్ ఫైళ్లు దించుకుని, చెప్పిన చోటల్లా క్లిక్ చేస్తే చివరికి ఒక పోస్టరో ఆల్బమ్ షీటో తయారవుతుంది. రెండోది నిఘంటువు లాంటిది. పని మధ్యలో చెయ్యి ఆగినప్పుడు తెరిచి, రెండు నిమిషాల్లో జవాబు చూసుకుని మూసేయాలి. అట్టలు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ‘సంపూర్ణ’ అన్న మాట రెండింటి మీదా కనిపిస్తుంది. ఇక్కడ చెప్పేదంతా రెండో రకం గురించే.

కొట్టుకు వెళ్లే ముందే మీ కంప్యూటర్లో ఏ వెర్షన్ ఉందో రాసి పెట్టుకోండి. విండోస్‌లో హెల్ప్ మెనూ తెరిచి అబౌట్ ఫొటోషాప్ నొక్కితే కనిపిస్తుంది. అక్కడి అంకె, అట్ట మీది ఏడాది ఒకటి కావని కంగారు పడొద్దు. 2017 నుంచి ఏడాది చివరి రెండంకెలకు ఒకటి కలిపితే వెర్షన్ సంఖ్య వస్తుంది: 2019 అంటే 20, 2024 అంటే 25. సీఎస్6 మాత్రం 2012 నాటిది. ఒక్కసారి డబ్బు కట్టి సొంతం చేసుకోగలిగిన చివరి ఫొటోషాప్ అదే కాబట్టి దాన్ని ఇంకా వదలనివాళ్లు ఉన్నారు. పుస్తకం అట్ట మీది మాటల్ని పక్కన పెట్టి, లోపల కాపీరైట్ పేజీ చూడండి. ఏ వెర్షన్ మీద రాశారో, ఇది కొత్త కూర్పో పాతదాని పునర్ముద్రణో అక్కడ తేలిపోతుంది.

వెర్షన్ తేడా ఎక్కడ దెబ్బ కొడుతుందో తెలిస్తే ఎంత తేడాను భరించవచ్చో కూడా తెలుస్తుంది. పాత పుస్తకాలన్నీ ‘ఫ్రీ ట్రాన్స్‌ఫామ్‌లో షిఫ్ట్ పట్టుకుని మూల లాగితే కొలతల నిష్పత్తి చెడదు’ అంటాయి. 2018 అక్టోబరులో వచ్చిన సీసీ 2019 (సీసీ అంటే చందా కట్టి వాడే క్రియేటివ్ క్లౌడ్) నుంచి ఇది తలకిందులైంది. ఇప్పుడు ఊరికే లాగితేనే నిష్పత్తి నిలుస్తుంది, షిఫ్ట్ పట్టుకుంటే పెళ్లికొడుకు ముఖం గుమ్మడికాయ అవుతుంది. అదే విడుదలలో కంట్రోల్-జెడ్ కూడా మారింది. అంతకుముందు అది చివరి పనిని రద్దు చేయడం, మళ్లీ తేవడం మాత్రమే చేసేది. ఇంకా వెనక్కి పోవాలంటే కంట్రోల్-ఆల్ట్-జెడ్ నొక్కాల్సి వచ్చేది. 2021 నుంచి, లేయర్లున్న ఫైలుకు సేవ్ యాజ్‌లో జేపెగ్ కనిపించదు, సేవ్ ఎ కాపీకి వెళ్లాలి. ఇవేవీ తెలియకుండా పాత పుస్తకం ముందు పెట్టుకున్నవాళ్లు తప్పు తమదే అనుకుని గంటలు పోగొట్టుకుంటారు.

మారనివీ ఉన్నాయి. లెవెల్స్‌కు కంట్రోల్-ఎల్, కర్వ్స్‌కు కంట్రోల్-ఎం అప్పటివే. బ్లెండ్ మోడ్లు, మాస్కులు, ఛానెల్స్ పనిచేసే తీరు కూడా అంతే. అందుకే రంగుల సవరణ మీద పాత పుస్తకం సగం ధరకు దొరికితే తీసుకోవచ్చు. మెనూ దారులు చూపించే పుస్తకం మాత్రం మీ వెర్షన్‌కు రెండు మూడేళ్లకు మించి ఎడంగా ఉండకూడదు. జెనరేటివ్ ఫిల్ లాంటి కృత్రిమ మేధ సాధనాలతోనే సగం పేజీలు నింపినదాన్ని వదిలేయడం మేలు. ఆ భాగమే అన్నిటికంటే ముందు పాతబడుతుంది.

ఇప్పుడు పుస్తకం వెనక్కి తిప్పండి. పదసూచిక లేకపోతే అక్కడితో ఆపేయండి, అది రిఫరెన్స్ కాదు. ఉంటే, మీ పనిలో మిమ్మల్ని నిజంగా ఆపిన అయిదు మాటలు వెతకండి. ఏవీ తోచకపోతే ఇవి పనికొస్తాయి: లేయర్ మాస్క్, క్లిప్పింగ్ మాస్క్, రీశాంపుల్, స్మార్ట్ ఆబ్జెక్ట్, కలర్ ప్రొఫైల్. నాలుగైనా దొరకాలి. ఒక మాట ఎదురుగా పాతిక పేజీ నంబర్లు వరసగా పోసి ఉంటే, వాటిని ఎవరూ ఏరలేదన్నమాట. మంచి సూచికలో ఆ మాట కింద ‘తీసేయడం’, ‘అంచు మెత్తబరచడం’, ‘ఇంకో లేయర్‌కు కాపీ చేయడం’ అని పనులవారీగా చీలికలుంటాయి. సాధనం పేరు తెలియనివాళ్ల కోసం ‘బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం’ అనే మాట కూడా ఉండి, అది సరైన పేజీకి చేర్చాలి.

తర్వాత రెండు పేజీలు పూర్తిగా చదవండి, ఆ రెండూ చాలు.

ఒకటి ఇమేజ్ సైజ్. రీశాంపుల్ గడిలో టిక్ తీసేస్తే పిక్సెల్స్ సంఖ్య మారదని, అచ్చులో వచ్చే అంగుళాలు మాత్రమే మారతాయని ఆ పేజీ చెప్పాలి. 4000×6000 పిక్సెల్స్ ఫొటో 300 రిజల్యూషన్‌లో (అంటే అంగుళానికి 300 పిక్సెల్స్) సుమారు 13×20 అంగుళాలు, 200లో 20×30. టిక్ ఉంచి 72ను 300 చేస్తే పిక్సెల్స్ దాదాపు 17 రెట్లవుతాయి. పెరిగినవన్నీ సాఫ్ట్‌వేర్ ఊహించి నింపినవే, కొత్త వివరం ఒక్కటీ రాదు. ‘ప్రింటుకు ఎప్పుడూ 300’ అని ఒక్క ముక్కలో తేల్చేసే పుస్తకం పనికిరాదు. 12×36 ఆల్బమ్ షీటుకు 300 సరైనదే, 3600×10800 వస్తుంది. అదే 300తో 10×6 అడుగుల ఫ్లెక్సీ మొదలుపెడితే 36000×21600 అవుతుంది. సిస్టమ్ మూలుగుతుంది, పైగా ఫొటోషాప్ సొంత రకమైన పీఎస్‌డీ ఫైలు ఒక పక్క 30000 పిక్సెల్స్ దాటితే సేవ్ కాదు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 72 చాలు: 8640×5184.

రెండోది లేయర్ మాస్క్, అంటే లేయర్‌లో కొంత భాగాన్ని చెరపకుండా దాచే సాధనం. నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది, బూడిదరంగు పాక్షికంగా చూపిస్తుంది. ఇంతవరకు అందరూ రాస్తారు. నేర్చుకునేవాళ్లు ఇరుక్కునేది ఆ తర్వాత. లేయర్స్ ప్యానెల్‌లో మాస్క్ చిన్న బొమ్మకు బదులు ఫొటో చిన్న బొమ్మ ఎంపికై ఉంటే బ్రష్ వేసిన నలుపు నేరుగా ఫొటో మీద పడుతుంది. ఏ బొమ్మ చుట్టూ చట్రం ఉందో చూసుకోమని హెచ్చరించే పుస్తకం, ఆల్ట్ పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే కనబడుతుందని, షిఫ్ట్‌తో క్లిక్ చేస్తే తాత్కాలికంగా ఆగుతుందని చెప్పే పుస్తకం పని తెలిసినవాళ్లు రాసింది. బ్యాక్‌గ్రౌండ్ తీయడానికి ఇరేజర్ పట్టుకోమని చెప్పేదాన్ని తిరిగి అరలో పెట్టేయండి.

ఫొటోషాప్ మెనూలు తెలుగులో రావు. అందుకే తెలుగు పుస్తకం ఎంచుకునేటప్పుడు మెనూ పేర్లు ఇంగ్లిషు మాటల్లోనే ఉన్నాయో లేదో చూడండి. ‘పొర ముసుగు’ అని అనువదించి వదిలేస్తే తెర మీద దాన్ని ఎక్కడ వెతుక్కుంటాం? వివరణ తెలుగులో, పేర్లు తెర మీద ఉన్నట్టే ఉండాలి. విదేశీ పుస్తకాలు సాధారణంగా తడమని విషయం తెలుగు అక్షరాలు. యూనికోడ్ (ఫోన్లలోనూ వెబ్‌లోనూ వాడే అక్షర ప్రమాణం) ఫాంటులో ‘స్త్రీ’ అని టైప్ చేస్తే ఒత్తులు ఊడి పక్కపక్కన పడటం ఫాంటు తప్పు కాకపోవచ్చు. కొన్ని సీసీ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్, టైప్ విభాగంలో సౌత్ ఏషియన్ లేదా వరల్డ్-రెడీ లేఅవుట్ అని ఉన్నది ఎంచుకుని, కొత్త ఫైలు తెరిచి చూడాలి. డీటీపీలో వాడే అను ఫాంట్ల సంగతి వేరు, అవి యూనికోడ్ కావు. వాట్సాప్ నుంచి తెచ్చిన తెలుగును వాటిలో అతికిస్తే సరిగా రాదు. డీటీపీ, స్టూడియో పనికి కొనేవాళ్లు ఈ రెంటి గురించీ ఒక్క పేజీ అయినా ఉన్న తెలుగు పుస్తకాన్ని ఇంగ్లిషు పుస్తకానికి తోడుగా పెట్టుకోవాలి.

ఫొటోషాప్‌కు బదులు ఉచితంగా దొరికే జింప్ వాడేవాళ్లు పుస్తకానికి డబ్బు పెట్టనక్కర్లేదు. ఎఫ్1 నొక్కితే తెరుచుకునే అధికారిక మాన్యువల్ ఉచితం. పుస్తకమే కావాలంటే ఒక్క ప్రశ్న వేయండి: ఇరేజర్ రుద్దితే పారదర్శకం కాకుండా రంగు ఎందుకు పడుతోంది? లేయర్‌కు ఆల్ఫా ఛానెల్ లేకపోవడం వల్ల అని, లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద యాడ్ ఆల్ఫా ఛానెల్ ఉందని జవాబు దొరకాలి. 2025 మార్చిలో వచ్చిన జింప్ 3.0లో ఫిల్టర్లను వేశాక కూడా మార్చుకోవచ్చు. 2.10 పుస్తకాలకు ఆ సంగతి తెలియదు.

రంగుల సవరణ అధ్యాయం నలుపు తెలుపులో అచ్చైతే ఆ పేజీలు దండగ. పుస్తకాన్ని కీబోర్డు పక్కన తెరిచి పెట్టి చెయ్యి తీసేయండి, మూసుకుపోతే రోజూ విసుగే. ఈ-బుక్ అయితే పేజీ రూపం చెదరని పీడీఎఫ్ నయం. ఫోన్ తెరకు తగ్గట్టు సర్దుకునే రకంలో బొమ్మ ఒక చోట, దాని మెట్టు ఇంకో చోట పడతాయి. ఆన్‌లైన్‌లో ఇచ్చే నమూనా పేజీలు ఎక్కువగా మొదటి అధ్యాయానివే ఉంటాయి, పదసూచిక కనబడదు. ప్రచురణకర్త సైటులో సూచిక విడిగా దొరుకుతుందేమో వెతకండి. దొరక్కపోతే, వాపసు తీసుకునే చోటే కొని, గడువు లోపల పైన చెప్పిన రెండు పేజీలు చదివేయండి.