ఆయిలర్ సూత్రం దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు? సమస్య - పరిష్కారం

ఆయిలర్ సూత్రమంటే ఈ పవర్ ఐ తీటా = కాస్ తీటా + ఐ సైన్ తీటా. ఇందులో ఈ (e) అంటే దాదాపు 2.718 ఉండే సంఖ్య, ఐ అంటే −1కి వర్గమూలం, తీటా ఒక కోణం. అనంతపురంలో ఇంటర్ సెకండియర్ పిల్లలకు సంకీర్ణ సంఖ్యలు (3 + 2ఐ లాంటివి) చెప్పేటప్పుడు పదేపదే వినిపించే ఇబ్బందులు ఇవి. డిమోయర్ సిద్ధాంతం (సంకీర్ణ సంఖ్యల ఘాతాలు కనుక్కునే సూత్రం) గడగడా అప్పజెప్పేవాళ్లు కూడా వీటి దగ్గర ఆగిపోతుంటారు. ఐతో గుణించడమంటే 90 డిగ్రీలు తిరగడం అని వాళ్లకు ఎవరూ చేసి చూపించకపోవడమే ఇందులో చాలావాటికి మూలం.

సమస్య: "ఈ పవర్ ఐ తీటా అంటే ఏంటి సార్? ఒక సంఖ్యను ఐ సార్లు ఎట్లా గుణిస్తాం?"

కారణం: ఘాతమంటే అన్నిసార్లు గుణించడం అని చిన్న క్లాసుల్లో నేర్చుకున్నాం. ఆ అర్థం 1, 2, 3 లాంటి ఘాతాలకే సరిపోతుంది. ఇక్కడ ఈ పవర్ ఎక్స్ అంటే ఒక శ్రేణి: 1 + ఎక్స్ + ఎక్స్²/2! + ఎక్స్³/3! + ... (3! అంటే 3 ఫ్యాక్టోరియల్, 3 × 2 × 1). ఎక్స్ చోట ఏ సంకీర్ణ సంఖ్య పెట్టినా ఇది పనిచేస్తుంది.

పరిష్కారం: గ్రాఫ్ పేపర్ తీసుకోండి. 10 సెంటీమీటర్లను 1 అనుకోండి. ఎక్స్ చోట ఐ తీటా పెట్టి, తీటా 1 రేడియన్ (దాదాపు 57.3 డిగ్రీలు) అనుకుని పదాలను వరసగా గీయండి. మొదటి పదం 1, కాబట్టి మూలబిందువు నుంచి కుడికి 10 సెం.మీ. రెండోది ఐ, అంటే పైకి 10. మూడోది ఐ²/2, అంటే ఎడమకు 5. నాలుగోది కిందికి 1.67. ఐదోది మళ్లీ కుడికి 0.42. ఆరోది పైకి 0.08, పెన్సిల్ మొనంత. ప్రతి పదంలో ఐ ఒకటి ఎక్కువవుతుంది కాబట్టి గీత ప్రతిసారీ 90 డిగ్రీలు తిరుగుతుంది, ఫ్యాక్టోరియల్ దాన్ని కుదిస్తుంది. చివరికి పెన్సిల్ ఆగే చోటు కుడికి దాదాపు 5.4, పైకి 8.4. అవే కాస్ 1 = 0.5403, సైన్ 1 = 0.8415. మూలబిందువు నుంచి స్కేలు పెట్టి కొలవండి, 10 సెం.మీ. వస్తుంది. అంటే ఆ బిందువు మూలబిందువు చుట్టూ 10 సెం.మీ. వ్యాసార్ధంతో గీసిన వృత్తం మీదే ఉంది. కుడి ఎడమ గీతలు కాస్ శ్రేణి, పైకీ కిందికీ గీసినవి సైన్ శ్రేణి. పేజీలకొద్దీ నిరూపణ రాసేముందు ప్రతి విద్యార్థీ ఈ బొమ్మ ఒక్కసారైనా గీయాలని నా గట్టి నమ్మకం.

ఆయిలర్ ఈ సూత్రాన్ని అచ్చులో పెట్టింది 1748లో. సంకీర్ణ సంఖ్యలను తలం మీద చూపిన వెస్సెల్ వ్యాసం అచ్చయింది 1799లో, ఆర్గాండ్‌ది 1806లో. సూత్రం తర్వాత బొమ్మ అచ్చులోకి రావడానికే యాభై ఏళ్లు పట్టింది, కాబట్టి సూత్రం చూడగానే బొమ్మ తట్టలేదని పిల్లలు టెన్షన్ పడాల్సిన పనిలేదు.

సమస్య: కాస్ 60 డిగ్రీలకు శ్రేణి వాడితే 1 − 1800 + 540000 అని ఎక్కడికో పోతోంది.

కారణం: డిగ్రీలు పెట్టారు. శ్రేణిలో కోణం రేడియన్లలోనే ఉండాలి.

పరిష్కారం: 60 డిగ్రీలంటే 1.0472. నాలుగు పదాలకే 0.49996 వస్తుంది.

సమస్య: (3, 2) బిందువును 90 డిగ్రీలు తిప్పితే జవాబు (2, −3) వచ్చింది, ఆన్సర్ కీలో (−2, 3) ఉంది.

కారణం: తిప్పిన దిక్కు తప్పు. ధన కోణమంటే మన టవర్ క్లాక్ ముల్లు తిరిగే దిక్కుకు ఎదురు దిక్కు.

పరిష్కారం: ఊహించకుండా గుణించండి. (3 + 2ఐ) × ఐ = −2 + 3ఐ. మూలబిందువు చుట్టూ కాకుండా 2 + ఐ చుట్టూ తిప్పమంటే ముందు దాన్ని తీసేయండి, తిప్పండి, మళ్లీ కలపండి. 5 + 3ఐ నుంచి తీసేస్తే 3 + 2ఐ, తిప్పితే −2 + 3ఐ, కలిపితే 4ఐ. ఆ చివరి కలపడం మర్చిపోయి మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

సమస్య: −1 − ఐ ఆర్గ్యుమెంట్‌కు (కుడి వైపు అక్షంతో ఆ బిందువు చేసే కోణానికి) కాలిక్యులేటర్ 45 డిగ్రీలు చూపిస్తోంది.

కారణం: −1ని −1తో భాగిస్తే 1. గుర్తులు రెండూ పోయాయి, ఏ పాదమో టాన్ ఇన్వర్స్‌కు తెలియదు.

పరిష్కారం: బిందువును ముందు గుర్తించండి. అది మూడో పాదంలో ఉంది, కాబట్టి ప్రధాన విలువ (−180 నుంచి 180 డిగ్రీల లోపు కోణం) −135 డిగ్రీలు.

సమస్య: 8కి ఘనమూలం 2 ఒక్కటే వస్తోంది.

కారణం: 8 కోణం 0 అని మాత్రమే రాశారు. 360, 720 కూడా దాని కోణాలే.

పరిష్కారం: మూడింటినీ 3తో భాగిస్తే 0, 120, 240. ఆ కోణాల్లో 2 పొడవున గీస్తే 2, −1 + √3 ఐ, −1 − √3 ఐ దొరుకుతాయి.