కరెంటు బిల్లు 200 యూనిట్లు దాటుతోందా? ఎక్కడ పోతున్నాయో ఇలా పట్టుకోండి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా లెక్కంతా 200 యూనిట్ల చుట్టే. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే తెల్లకార్డు ఇంటికి 200 దాకా జీరో బిల్లు, దాటితే మొత్తం కట్టాల్సిందే. పథకం లేని ఇంటికీ అదే గీత. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం 200 యూనిట్లకు కరెంటు చార్జీ 820 రూపాయలు. 201 అయితే మొదటి యూనిట్ నుంచే రేటు మారి 1,027 దాటుతుంది. అందుకే ఎండాకాలంలో పది, ఇరవై యూనిట్లు తగ్గించుకోగలిగినా చాలా ఇళ్లకు పెద్ద ఊరట.

బల్బుల జోలికి పోకండి. 9 వాట్ల ఎల్‌ఈడీ రాత్రి పన్నెండు గంటలు వెలిగినా యూనిట్‌లో పదో వంతే.

సమస్య: అన్నీ ఆపేసినా మీటరు తిరుగుతోంది

మీటరు మీద ఎర్ర లైటు మిణుకుమంటుంటుంది కదా, దాని పక్కనే 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది. అన్నిసార్లు మిణికితే ఒక యూనిట్. ఇంట్లో ఫ్రిజ్, టీవీ, ఇన్వర్టర్ సహా అన్నీ ఆపి, మెయిన్ మాత్రం ఆన్‌లో ఉంచి ఆ లైటు చూడండి. ఇంకా మిణుకుతుంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టు. తడిసిన గోడలోని పాత వైరు, డాబా మీది మోటరు జాయింటు, బాత్రూం పాయింటు, ముందుగా అనుమానించాల్సినవి ఇవే. మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకు ఉండే ట్రిప్ స్విచ్చులు (ఎంసీబీలు) ఒక్కొక్కటే దించుతూ పోండి. ఏది దించినప్పుడు లైటు ఆగిందో తప్పు ఆ లైనులోనే ఉంది. లీకేజీ అంటే షాక్ కొట్టే ప్రమాదం కూడా. దాన్ని బాగుచేసే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

కిరాయి వాటాలున్న ఇళ్లలో ఇంకో చిక్కు. రెండు వాటాల న్యూట్రల్ వైర్లు (కరెంటు తిరిగి వెళ్లేవి) ఎక్కడో కలిసిపోతే పక్కింటి కరెంటు మీ మీటరులో పడుతుంది. చాలా మీటర్లు ఫేజ్, న్యూట్రల్ రెండింటిలో ఏది ఎక్కువగా ఉంటే దాన్నే లెక్కగడతాయి. మీటరు మీద ‘ఎర్త్’ గుర్తున్న లైటు వెలుగుతుంటే ఈ అనుమానం పెట్టుకోవచ్చు. న్యూట్రల్ వైర్లను వేరు చేయిస్తే సరిపోతుంది.

ఇదే లైటుతో ఏ వస్తువు ఎంత తింటుందో కూడా తెలుస్తుంది. 3200 మీటరు నిమిషానికి 53 సార్లు మిణికితే వెయ్యి వాట్ల లోడు నడుస్తోందన్నమాట.

సమస్య: ట్యాంకు నిండటానికి ముందుకంటే ఎక్కువసేపు పడుతోంది

మన దగ్గర బిల్లు పెరగడానికి నా లెక్కలో మొదటి అనుమానితుడు బోరు మోటరే. ఒక హెచ్‌పీ మోటరు గంట నడిస్తే సుమారు ఒక యూనిట్. ఏప్రిల్ వచ్చేసరికి బోర్లలో నీళ్లు అడుగంటుతాయి. అరగంటలో నిండే ట్యాంకు గంటన్నర తీసుకుంటే రోజుకు ఇంకో యూనిట్, నెలకు ముప్పై.

నీళ్లు ఆగి ఆగి వస్తున్నా, గాలి కక్కుతున్నా వెంటనే ఆపండి. నీళ్లు లేకుండా నడిస్తే మోటరు కాలిపోతుంది. బోరు ఊరనిచ్చి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు నడపండి.

నీళ్లు ధారగానే వస్తున్నా ట్యాంకు ఊరికే ఖాళీ అవుతుంటే రాత్రి పడుకునే ముందు ఇంట్లోకి వచ్చే వాల్వు కట్టేసి, నీటి మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. పొద్దున గీత కిందికి దిగితే ట్యాంకైనా కారుతోంది, లేదా నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు (ఎన్నార్వీ) పాడై నీళ్లు బోరులోకే వెనక్కి పోతున్నాయి. గీత కదలకపోతే లోపల నల్లానో, ఫ్లష్ ట్యాంకో చూడండి. సన్నగా కారే ఫ్లష్ ట్యాంకు చప్పుడు చేయదు, అందుకే నెలల తరబడి ఎవరి కంటా పడదు.

సమస్య: కూలర్ నడుస్తోంది, చల్లదనం లేదు

మే నెలలో 44, 45 డిగ్రీల పొడి ఎండకు కూలర్‌ను మించింది లేదు. 200 వాట్ల లోపే నడుస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసర్ నడిచేటప్పుడు సుమారు 1,500 వాట్లు లాగుతుంది. కానీ కిటికీలు, తలుపులు బిగించి కూలర్ వేస్తే గది ఉక్కపోసి చెమటలు పడతాయి, దాంతో ఏసీ కొనాలనిపిస్తుంది. కూలర్ గాలికి ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచండి. మన ఉప్పు నీళ్లకు గడ్డి మీద తెల్లటి పెచ్చు కట్టి గాలి ఆడదు. వేలితో నొక్కితే కరకరలాడుతుంటే ఆ గడ్డి మార్చాల్సిందే. తొట్టిలో నీళ్లు కూడా వారానికోసారి పారబోయండి.

రాత్రి పదింటికి కూడా స్లాబు సెగ కొడుతుంటే తప్పు కూలర్‌ది కాదు. డాబా మీద సున్నం గానీ తెల్ల కూల్ రూఫ్ పెయింటు గానీ వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. ఏసీ ఉన్నవాళ్లు 24 డిగ్రీల కంటే తగ్గించకుండా, పక్కన ఫ్యాను వేసుకోండి.

సమస్య: చలికాలంలోనూ బిల్లు తగ్గలేదు

గీజర్ రోజంతా ఆన్‌లో ఉంటోందేమో చూడండి. స్నానానికి ముందు వేసి, కాగగానే ఆపేయాలి. రాడ్‌కు పట్టిన తెల్ల పెచ్చు వల్ల యూనిట్లు పెద్దగా పెరగవు గానీ రాడ్ త్వరగా కాలిపోతుంది. ఫ్రిజ్ తలుపులో నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా ఊడివస్తే రబ్బరు మార్చాలి. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టూ. మార్చేటప్పుడు ముందు ఎక్కువ గంటలు తిరిగేది మార్చండి.

సమస్య: ఇంత చేసినా యూనిట్లు నమ్మేలా లేవు

బిల్లులో రెండు రీడింగుల తేదీలు చూడండి. రీడింగ్ ఆలస్యమైతే రోజులు ఎక్కువ పడతాయి. ప్రతి నెలా ఒకే తేదీన మీటరు ఫొటో తీసి పెట్టుకోండి, నెల మధ్యలో ఇంకోటి. పదిహేనో రోజుకే వంద దాటితే అప్పుడే మేలుకోవచ్చు. మెయిన్ దించినా మీటరు మిణుకుతుంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి, లేదా కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆఫీసులో మీటరు టెస్టుకు అర్జీ పెట్టండి. ఆ ఫొటోలు అర్జీకి జత చేయండి.