డెక్‌కి రంగు వేసే ముందు ఒకసారి కిందికి దూరి చూడండి

ఏప్రిల్ రాగానే హోమ్ డిపో, లోస్ లాంటి ఇంటి సామాన్ల షాపుల్లో స్టెయిన్ (చెక్కకి పట్టించే రంగు) డబ్బాలు గుమ్మం దగ్గరే గుట్టలుగా పేర్చి పెడతారు. చూస్తే చాలు, రెండు డబ్బాలు కార్లో పడేసుకుని ఆ శనివారమే మొదలుపెట్టేద్దామనిపిస్తుంది. మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఇక్కడ ఏప్రిల్‌లో డెక్ (ఇంటికి ఆనించి కట్టిన చెక్క అరుగు) జోలికి వెళ్ళడం శుద్ధ దండగ. మార్చి చివర్లో మొదలయ్యే పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీద, కిటికీల మీద, తులసి కుండీ మీద పసుపుపచ్చగా పేరుకుపోతుంది. పొద్దున్న కడిగితే సాయంత్రానికి మళ్ళీ అంతే. ఆరని స్టెయిన్ మీద పడిందంటే ఇక వదలదు. ఈ పనికి మే నెల సగం గడిచాక మంచిది, లేదా సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా. నా ఓటు అక్టోబరుకే. ఎండ తగ్గుతుంది, ఉక్కపోత ఉండదు, మధ్యాహ్నం ఉన్నట్టుండి ఉరుములు మెరుపులతో వాన దిగడం కూడా తక్కువే. కానీ మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి జూన్‌లో వస్తారు, కాబట్టి మా ఇంట్లో ఈ ముహూర్తం మే నెలకే ఖాయం.

మాది 2006లో కట్టిన ఇల్లు. డెక్ 12 అడుగులకి 16 అడుగులు, ప్రెషర్ ట్రీటెడ్, అంటే పుచ్చకుండా లోపలికి మందు పట్టించిన పైన్ కలప. మీ డెక్ 2004లోనో అంతకు ముందో కట్టినదైతే జాగ్రత్త. 2003 చివరి దాకా ఇళ్ళకి వాడిన ట్రీటెడ్ కలపలో ఆర్సెనిక్ కలిసిన సీసీఏ అనే మందు ఉండేది. అలాంటి దాన్ని శాండర్ పెట్టి గీకొద్దు, ఆ దుమ్ము ఒంట్లోకి పోకూడదు. ఇక ట్రీటెడ్ కలప ఏ కాలం నాటిదైనా సరే, విరిగిన ముక్కల్ని ఫైర్‌పిట్‌లో వేసి కాల్చకండి.

ముందు టార్చి, స్క్రూడ్రైవర్

రంగు కంటే ముందు చూడాల్సింది నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయన్నది. డెక్ పుచ్చిపోయేది ఎండ వల్ల కాదు. ఎండకి రంగు పోతుంది, పైపైన పగుళ్ళు వస్తాయి, అంతే. కలపని తినేసేది ఆరని తడి. అందుకే పాత బట్టలు వేసుకుని, టార్చి పట్టుకుని డెక్ కిందికి దూరండి.

ముందు చూడాల్సింది ఇంటి గోడకి ఆనించి బిగించిన పెద్ద చెక్క. దాన్ని లెడ్జర్ అంటారు. డెక్కులు కూలాయని వార్తల్లో వస్తాయే, వాటిలో చాలావరకు ఊడేది ఇక్కడే. ఆ చెక్కకి అర అంగుళం బోల్టులో, లావుపాటి లాగ్ స్క్రూలో వరసగా కనిపించాలి. వట్టి మేకులు మాత్రమే కనిపిస్తే మిగతా పనంతా పక్కన పెట్టండి. మాకు ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరో కాంట్రాక్టరుతో డెక్ పెద్దది చేయించుకున్నారు. ఆ మహానుభావుడు కొత్తగా కలిపిన భాగమంతా మేకులతోనే లాగించేశాడు. పుట్టినరోజు పార్టీకి 30 మంది ఒకే మూలన నిలబడి కేక్ కటింగ్ చూసే ఇల్లు మాది! ఇలాంటి పని మనం చేసుకునేది కాదు. లైసెన్సున్న మనిషిని పిలిచి బోల్టులు వేయించాం. ఆ లెడ్జర్ పైన రేకు కూడా ఉండాలి. అది లేకపోతే వాన నీళ్ళు గోడకీ చెక్కకీ మధ్యకి దిగి, డెక్‌తో పాటు ఇంటి గోడ కూడా పుచ్చిపోతుంది.

తర్వాత స్క్రూడ్రైవర్. స్తంభాల అడుగున, మెట్ల పక్క చెక్కలు నేలని తాకే చోట, పలకల్ని కింద మోసే దూలాల (జాయిస్టుల) పై అంచుల్లో, కుండీలు పెట్టిన చోట పొడిచి చూడండి. గట్టి కలపైతే మొన దిగదు. మా డెక్ మీద పైకి శుభ్రంగా కనిపించిన ఒక్క పలక మోసం చేసింది, తులసి కుండీ కిందది. కుండీ జరిపితే నల్లటి వలయం ఉంది. దాని మధ్యలో పొడిస్తే ఉడికిన కందగడ్డలోకి దిగినట్టు స్క్రూడ్రైవర్ సగం దాకా దిగిపోయింది. రోజూ చెంబుడు నీళ్ళు పోస్తాం, కుండీ కింద గాలి ఆడదు, ఇంకేమవుతుంది మరి.

అలాంటి పలకని మార్చేయడమే. అంగడిలో 'ఫైవ్ క్వార్టర్ బై సిక్స్' అని అడగండి. చేతికి వచ్చేది అంగుళం మందం, ఐదున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. కొత్త ట్రీటెడ్ పలక తడిగా, బరువుగా ఉంటుంది, ఆరాక కుంచించుకుపోతుంది. అందుకే పక్క పలకలకి దాదాపు ఆనించే బిగించండి, సందు అదే వస్తుంది. ఆ పలక లోపలిదాకా ఆరడానికి వారాలు పడుతుంది కాబట్టి, వీలైతే రంగు పనికి బాగా ముందే మార్పించి పెట్టుకోండి. స్క్రూల దగ్గర పిసినారితనం వద్దు. ఇప్పటి ట్రీటెడ్ కలపలో రాగి ఉంటుంది, అది మామూలు ఇనుముని తినేస్తుంది. ట్రీటెడ్ కలపకి పనికొస్తాయని డబ్బా మీద రాసి ఉన్న డెక్ స్క్రూలు, రెండున్నర లేదా మూడు అంగుళాలవి తీసుకోండి. గరాజ్‌లో మిగిలిన డ్రైవాల్ (ఇంటి లోపలి గోడల) స్క్రూలు పనికిరావు. పైకి లేచిన మేకుల్ని మళ్ళీ సుత్తితో కొట్టడం కూడా వృథా, వచ్చే ఏడాదికి మళ్ళీ లేస్తాయి. పీకేసి స్క్రూ వేయండి. తల పలకతో సమంగా ఉంటే చాలు; లోతుకి దిగితే ఆ గుంటలో నీళ్ళు నిలుస్తాయి.

రెయిలింగ్‌ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూడండి. ఎత్తు కనీసం 36 అంగుళాలు ఉండాలి, కడ్డీల మధ్య సందు నాలుగు అంగుళాల లోపు ఉండాలి, చిన్నపిల్లల తల దూరకూడదని. అలా చూస్తున్నప్పుడే చేతి పట్టీ అడుగున అర అంగుళం గుండ్రటి రంధ్రాలు, వాటి కింద నేల మీద రంపపు పొట్టు కనిపిస్తే అవి కార్పెంటర్ బీస్, అంటే కలపని తొలిచే తుమ్మెదల పనే. వసంతంలో మొహం ముందుకొచ్చి బెదిరించేది మగది, దానికి కుట్టే కొండి అసలు లేదు. రంధ్రాలు తొలిచేది ఆడది. లోపలికి మందు పొడి కొట్టి, కొన్ని రోజులాగి, అర అంగుళం డోవెల్ (గుండ్రటి చెక్క పుల్ల) ముక్కకి జిగురు రాసి దిగ్గొట్టండి. వెంటనే మూసేస్తే లోపలున్నది ఇంకో దారి తొలుచుకుంటుంది.

కడగడం

సామానంతా తీసేశాక అందరూ పైపు పట్టుకుంటారు. అంతకు ముందు పుట్టీ బ్లేడుతో పలకల సందుల్లో ఇరుక్కున్న పైన్ ఆకుల సూదులు, మట్టి, పుప్పొడి ముద్ద తీయండి. మోకాళ్ళ మీద కూర్చుని చేసే విసుగు పని, మా ఆయన సరిగ్గా ఈ పూటే ఆఫీసు కాల్స్ పెట్టుకుంటారు. కానీ ఈ పని చేయకపోతే మిగతాదంతా చేసి లాభం లేదు. సందు మూసుకుంటే నీళ్ళు కిందికి పోవు, జాయిస్టు మీద నిలిచిపోతాయి.

ఇల్లంతా వాసన పట్టకుండా బజ్జీలు, చేపల వేపుడు డెక్ మీద గ్రిల్ పక్కనుండే సైడ్ బర్నర్ పొయ్యి పెట్టి కానిచ్చేవాళ్ళం మనమే కదా. ఆ నూనె మరకల మీద ముందు గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్ళు వేసి రుద్దండి. జిడ్డున్న చోట స్టెయిన్ పట్టదు.

పాకుడికి, నల్లదనానికి ఆక్సిజన్ బ్లీచ్ వాడండి. సోడియం పెర్‌కార్బొనేట్ పొడి అది, డెక్ క్లీనర్ పేరుతో దొరుకుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పలకల మీద పోసి, పావుగంట ఆరకుండా తడిగా ఉంచి, గట్టి నైలాన్ బ్రష్‌తో పలక పొడుగునా రుద్దాలి. టీ డికాషన్ రంగులో నురగ కారిపోతుంటే కళ్ళు చల్లబడతాయి. బట్టల క్లోరిన్ బ్లీచ్ వద్దు. తెల్లగా చేస్తుంది కానీ కలప నారని బలహీనం చేస్తుంది, కింద మొక్కల్నీ చంపుతుంది. ఇంత చలి దేశంలో బతికించుకుంటున్న కరివేపాకు మొక్కని ముందే అవతల పెట్టేయండి. కిందున్న మొక్కల్ని ముందు, తర్వాత కూడా మంచినీళ్ళతో తడపండి. ఇనుప తీగల బ్రష్ కూడా వాడొద్దు. విరిగిన తీగముక్కలు తుప్పుపట్టి నల్లచుక్కలు వస్తాయి.

బాగా కడిగాక ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న బ్రైటెనర్ పూయండి. మేకుల చుట్టూ నల్ల మరకలు దీనికే పోతాయి. పది పదిహేను నిమిషాల్లో బూడిదరంగు చెక్క తేనెరంగుకి తిరుగుతుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. ఈ రెండు మందుల్నీ ఒకే బకెట్లో కలపకండి, ఒకటి పూర్తిగా కడిగేశాకే రెండోది.

ప్రెషర్ వాషర్ సంగతి అడుగుతారని తెలుసు. నేనైతే వద్దంటాను. మా వీధిలో ఒకాయన అద్దెకి తెచ్చి, సన్నటి ధార కొట్టే ఎర్ర నాజిల్ పెట్టి కొట్టారు. పలకలన్నీ పీచు లేచి, కొబ్బరి డొక్కల్లా తయారయ్యాయి. తప్పదంటే తెల్ల నాజిల్, అంటే 40 డిగ్రీల వెడల్పున నీళ్ళు చిమ్మేది, పెట్టి, ప్రెషర్ తగ్గించి, అడుగు దూరం నుంచి పలక పొడుగునా ఆగకుండా కదుపుతూ కొట్టండి.

తర్వాత కనీసం రెండు ఎండ రోజులు ఆరనివ్వాలి, ఉక్కగా ఉంటే మూడు. ఆరిందో లేదో తెలియడానికి నాలుగు చుక్కల నీళ్ళు వేయండి. వెంటనే పీల్చుకుంటే సిద్ధంగా ఉన్నట్టు. ముత్యాల్లా నిలబడితే పాత స్టెయిన్ ఇంకా ఉందన్నమాట, లేదా చెక్కలో తడి ఉంది.

పేళ్ళు, శాండ్‌పేపర్

అత్తయ్యగారు చెప్పులు లోపలే విడిచి ఉత్త కాళ్ళతో డెక్ మీదికి వచ్చేస్తారు. ఆవిడే కాదు, మన ఇళ్ళలో అందరం అంతే. అందుకే పేళ్ళు లేచిన చోట్లు, చేతి పట్టీ తప్పకుండా రుద్దాలి. నేలకి 60 లేదా 80 నంబరు శాండ్‌పేపర్ చాలు. ఇంకా నున్నగా చేస్తే రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ లోపలికి దిగదు. మాస్కు పెట్టుకోండి.

రంగు

కలప నార అంతా కనిపించే ట్రాన్స్‌పరెంట్, కొంచెం కనిపించే సెమీ-ట్రాన్స్‌పరెంట్ (సెమీ), పెయింట్‌లా కప్పేసే సాలిడ్ అని స్టెయిన్లు ముఖ్యంగా మూడు రకాలు. నేల పలకలకి నేను సెమీ తప్ప వేరేది వేయను. రెండు మూడేళ్ళకి వెలుస్తుంది, కానీ వెలిసిన చోట కడిగి మళ్ళీ పూసుకోవచ్చు. సాలిడ్ ఇంకాస్త ఎక్కువ కాలం ఉంటుంది కానీ పెచ్చులూడడం మొదలెడితే గీకలేక చస్తాం. రెయిలింగ్‌కైతే సాలిడ్ పర్వాలేదు. ముదురు రంగులు డబ్బా మీద బొమ్మలో బాగుంటాయి, జూలై మధ్యాహ్నం కాలు పెట్టి చూడండి తెలుస్తుంది. లేత సెడార్ రంగు మన కాళ్ళకి మంచిది. రంగు మారుస్తుంటే ముందే హెచ్‌ఓఏకి (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘానికి) రాసి అనుమతి తీసుకోండి, వాళ్ళ ఉత్తరం వచ్చాక టెన్షన్ పడేకంటే నయం.

పాత కలప ఎక్కువ పీలుస్తుంది, గ్యాలన్‌కి 150 నుంచి 200 చదరపు అడుగులే లెక్క వేసుకోండి. రెండు డబ్బాలు కొంటే ఒకే బకెట్లో కలిపేయండి, డబ్బాకీ డబ్బాకీ రంగు తేడా రాదు. వాతావరణం 50, 90 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య ఉండాలి, 24 గంటలు వాన ఉండకూడదు, పలక మీద నేరుగా ఎండ పడకూడదు. రెయిలింగ్ ముందు, నేల తర్వాత. గోడ వైపు నుంచి రెండేసి పలకలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఊపులో పూర్తి చేయండి. మధ్యలో ఫోన్ వచ్చిందని ఆపితే అక్కడ అతుకు గీత పడుతుంది. రోలర్‌తో వేసినా వెనకే బ్రష్‌తో రుద్దాలి. కోసిన చివర్లకి బాగా తాగించండి, నీళ్ళు ముందు దూరేది అక్కడే. పావుగంటకి ఇంకా మెరుస్తూ నిలిచినదాన్ని గుడ్డతో తుడిచేయండి, లేకపోతే నెలంతా కాళ్ళకి అంటుకుంటుంది.

ఆ తుడిచిన గుడ్డల్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆయిల్ స్టెయిన్ అయిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తడబ్బాలో పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే పోగై అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. గరాజ్‌లో అస్సలు పెట్టొద్దు. బయట కాంక్రీటు మీద ఒక్కొక్కటిగా పరిచి, గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్ళు పోసిన మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.

రెండు రోజులాగి సామాను పెట్టుకోవచ్చు. కుండీలన్నిటికీ కింద కాళ్ళు పెట్టండి, గాలి ఆడాలి. ప్లాస్టిక్ తివాచీలు వానాకాలంలో ఎత్తేయండి. వడియాలు పెట్టేటప్పుడు మంచం మీదో, బల్ల మీదో పెట్టుకోండి. దీపావళి కాకరపువ్వొత్తులు డెక్ మీద కాకుండా డ్రైవ్‌వేలో. మిగిలిన స్టెయిన్ డబ్బా మూత బిగించి, దాని మీద రంగు పేరు, నెల, ఏ పలకలకి వేశామో మార్కర్‌తో రాసి పెట్టుకుంటే, తర్వాత ఏ ఒక్క పలక మార్చినా అదే రంగు దొరుకుతుంది.