గట్టిపడని సిమెంటు, ఎండిన అచ్చు: నా అనుభవం

పీజీ థీసిస్ కోసం రూట్ కెనాల్ పూడ్చే కాల్షియం సిలికేట్ సిమెంటును పరీక్షిస్తున్నాను. ఏప్రిల్ నెల, కడప ఎండలు. రెండు రోజులైనా సిమెంటు గట్టిపడలేదు. 100 గ్రాముల సూది మోపితే ఇంకా గుంట పడుతోంది. పాకెట్ పాడైందేమోనని కొత్తది తెరిచాను, అదే తంతు. చాలా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే సిమెంటు జీవకణాలకు హాని చేస్తుందేమో చూసే కణాల పరీక్షకు తేదీ దగ్గరపడింది.

 

తప్పు నాదే. ఈ రకం సిమెంటు నీటితో చర్య జరిపే గట్టిపడుతుంది. పంటిలో ఆ తడి డెంటిన్ (ఎనామిల్ కింది పొర) నుంచి అందుతుంది. నేనేమో తడి అక్కర్లేని ఎపాక్సీ (రెజిన్) సిమెంటుకు వాడే స్టీలు రింగులోనే దీన్నీ పోశాను. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీలైతే ఉన్నాయి గానీ తేమ లేదు.

రూట్ కెనాల్ సిమెంట్ల పరీక్షలకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 6876ను మళ్లీ శ్రద్ధగా చదివాను. తడి కావలసిన సిమెంటుకు జిప్సం అచ్చు వాడాలని అందులో ఉంది. 10 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. లోతు గుంటతో ప్లాస్టర్ అచ్చులు చేసి, బాగా తడిపి, మూతపెట్టిన డబ్బాలో తడి దూది పక్కన ఉంచాను. ఈసారి మర్నాటికి సూది గుర్తు పడలేదు. నాకెంత ఊరటో!

గట్టిపడ్డ నమూనాల ఊటతోనే (వాటిని నానబెట్టిన ద్రవంతోనే) కణాల పరీక్షకు వెళ్లాను. పచ్చి సిమెంటు ఊట కణాలను ఎక్కువగా దెబ్బతీస్తుంది. 70 శాతం కంటే తక్కువ కణాలు బతికితే విషగుణం ఉన్నట్టే లెక్క. తడి చూసుకోకుండా ఆ పరీక్ష చేసి ఉంటే, మంచి సిమెంటుకు చెడ్డపేరు రాసేదాన్ని.